నున్నటి వైపు

మొక్కజొన్న పొత్తు మీది రేకుకి రెండు వైపులుంటాయి. గీతలున్న గరుకు వైపు బయటికి ఉంచి, నున్నటి వైపు పిండి రాయాలి. తారుమారైతే, పిండిలో మాంసం పెట్టి ఆ రేకులోనే చుట్టి ఉడికించే తమాలె, విప్పేటప్పుడు పిండి రేకుకే అంటుకుపోయి ముక్కలైపోతుంది. మా ఇంటి ఆడపిల్లలందరికీ ఈ సంగతి నేర్పింది నేనే. ఏటా క్రిస్మస్ ముందు శనివారం ఆడవాళ్ళంతా మా వంటింట్లో చేరతారు. రేకులు నానబెట్టడం నేను, మాంసం ఉడకబెట్టడం నేను, పందికొవ్వు వేసి పిండి మెదపడం నేను. మగవాళ్ళు పెరట్లో బీరు తాగుతూ వాసన బావుందని కేకేస్తారు. అదే వాళ్ళ సాయం.

ఈసారి మొదటి కుండ దించగానే మా ఆడపడుచు మరిసేలా ఒకటి విప్పింది. సగం పిండి రేకుతోపాటే ఊడొచ్చింది. ఇంకొకటి విప్పితే అదీ అంతే.

"అయ్యో దేవుడా, ఇదెవరి చేతి పనే?" అంటూ అందరినీ చూసి, చివరికి మా కొత్త కోడలు బ్రీసా దగ్గర ఆగింది. "హూస్టన్ పట్నం పిల్లవి కదూ! మీ ఇంట్లో తమాలెలు కొట్లో కొనుక్కుంటారేమోలే."

అందరూ నవ్వారు. మా అత్తగారు రెఫూహియో కుర్చీలో ఊగిపోతూ, "పోనీలేవే మరిసేలా, మా మనవడికి రేకుతో సహా మింగడం నేర్పిద్దాం," అంది. నవ్వు ఇంకా పెద్దదైంది.

"నాదే పొరపాటండీ," అంది బ్రీసా తల దించుకుని.

పొద్దున్నే అందరికంటే ముందొచ్చి నాతో కూర్చున్న పిల్ల. ఆ కుండలోవాటికి తను మాంసం పెట్టి చుట్టింది, అంతే. పిండి రాసింది నేను. ఆ సంగతి తనకీ తెలుసు. అయినా నా పరువు కాపాడుతోంది. ఇరవై రెండేళ్ళ పిల్ల చాటున నక్కి నిలబడ్డాను. ఛీ, నా బతుకు!

నాకు రేకు మీది గీతలు కనపడలేదు. దేన్ని చూద్దామన్నా సరిగ్గా నడిమధ్యనే మసక. మనిషిని చూస్తే చెవులు కనిపిస్తాయి, మొహం ఉండదు. వేలితో తడిమి తెలుసుకుందామంటే, షుగరు నా వేళ్ళ కొసలని ఎప్పుడో మొద్దుబార్చింది. కంటి వెనక సన్నటి నాళాలు కారుతున్నాయని పోయిన నెల డాక్టరమ్మ చెప్పింది. రక్తంలో కొవ్వు కూడా ఎక్కువై, ఆ కారినదానితో కలిసి, చూపు నిలిచే చోటే పసుపు పచ్చగా పేరుకుందట. "ఇన్సులిన్ ఇచ్చి ఏడాదైంది కదా, వేసుకోలేదా?" అనడిగింది.

ఏం చెప్పను? ఆ మందు మా ఫ్రిజ్‌లో గుడ్ల వెనక అలాగే ఉందనా? అది తెచ్చిన రోజున మా అత్తగారు శిలువ గుర్తు వేసుకుంది. "మా చెల్లెలు సొలెదాద్ కళ్ళు తీసింది ఆ సూదే. మొదలెట్టిన ఏడాదికే గుడ్డిదైపోయింది. నీకు షుగరొచ్చింది తిండి వల్ల కాదే టెంచా, ఆ తుఫానప్పుడు జడుసుకున్నావు చూడు, అందుకు." మా ఆయన ఎవరిస్తోది ఇంకో పాట. "నోరు కట్టుకుంటే సూదులెందుకు?" అని పిల్లల ముందే నా పళ్ళెంలోంచి తీపి రొట్టె తీసేస్తాడు. ఆ చేత్తోనే తన బీన్సులో ఇంకాస్త పందికొవ్వు వెయ్యమంటాడు. నమ్మాను. నమ్మితే సూది తప్పుతుంది, ఇంట్లో మాటలు పడడం తప్పుతుంది. సొలెదాద్ పిన్నత్తగారికి సూది మొదలెట్టేసరికే ఆలస్యమైపోయిందేమోనని అడగాలని తోచనే లేదు.

మరిసేలా మూడోది విప్పింది. "ఈ పిల్లకి ఈ ఏడు గిన్నెలు తోమే పనే ఇవ్వాలి," అంది. బ్రీసా నిజంగానే సింకు వైపు నడిచింది.

"ఆగు బ్రీసా," అన్నాను. "ఆ కుండకి పిండి రాసింది నేను. నాకు రేకు కనపడలేదు."

"కళ్ళజోడు మార్పించుకోవే," అంది అత్తగారు.

"కళ్ళజోడుతో పోయేది కాదు అత్తయ్యా. షుగరు, కొవ్వు కలిసి నా కళ్ళు తినేస్తున్నాయి. మందు మొదలెడతాను. బుధవారం కంట్లో ఇంజెక్షను చేస్తారు. ఉన్న చూపైనా నిలుస్తుందేమో. ఆ రోజు నన్ను కారులో తీసుకెళ్ళి తీసుకురావడానికి మనిషి కావాలి."

ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో నాకోసం ఎవరినీ ఎక్కడికీ రమ్మని అడిగిందాన్ని కాను.

తమాలెల కోసం పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గరికొచ్చిన ఎవరిస్తో అంతా విన్నాడు. "బుధవారమా? ఆ రోజు అమ్మకి డయాలసిస్ కదా. నువ్వెళ్ళిపోతే అమ్మని ఎవరు తీసుకెళ్తారు?"

అతని మొహం ఉండాల్సిన చోటుకే చూస్తూ చెప్పాను.

"నిన్న హైవే మీద కారు నడిపి మీ అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చింది కూడా ఈ కళ్ళే, ఎవరిస్తో."