అందరి చానళ్ళూ విన్నదాన్ని

నేను ఒక వాకీటాకీని. డిజిటల్ జాతి, నల్లటి ఒళ్ళు, పొట్టి కొమ్ము. పుట్టిన గంటకే నన్ను ఫ్యాక్టరీలో రెండో అంతస్తు నుంచి పడేసి పరీక్షించారు. నేల పగిలింది, నాకేం కాలేదు. అబద్ధమైతే నా బ్యాటరీ ఉబ్బిపోవాలి!

మొదట విశాఖలో మేడలు కట్టే చోట క్రేను ఆపరేటరు నడుముకు వేలాడాను. "పైకి, కిందికి" తప్ప రెండేళ్ళు ఇంకో మాట వినలేదు. మేడ పూర్తయ్యాక పాత సామాన్ల కొట్లో పడి ఉంటే, పోలన్న అనే జాలరి నన్ను కొనుక్కున్నాడు.

పోలన్న వాళ్ళ రేవులో ఒక్కో కుటుంబానికీ ఒక్కో చానల్. చేపలున్న చోటు తమవాళ్ళకే చెప్పుకుంటారు. పైవాళ్ళు అడిగితే, పడవ మునిగేంత చేపల మీద కూర్చుని కూడా "ఇక్కడేటుంది బావా, ఉప్పునీళ్ళు" అంటారు.

పోలన్న సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో నాకు స్కానింగు పెట్టించాడు. అంటే, ఒక్కో చానల్ గుమ్మం దగ్గరా చెవి పెట్టి, మాట వినబడితే ఆగిపోతాను. పది మైళ్ళ అవతల చందువా చేప ఆవలించినా వినేదాన్ని! ఇక పోలన్న బావమరిది దానయ్యకు చేప ఎక్కడ తగిలితే, పావుగంటలో మా పడవ అక్కడ.

"నీకేటి బావా, సముద్రం కలలోకొచ్చి సెప్తాందా?" అనేవాడు దానయ్య.

"ఆ తల్లి దయరా," అంటూ పోలన్న నన్ను అన్నం సంచిలో దాచేవాడు.

ఒక మధ్యాహ్నం గాలి లేచింది. పడవలన్నీ రేవుకు తిరిగాయి. మేమూ ఒడ్డు దగ్గరికొచ్చాం. అప్పుడు దానయ్య చానల్లో ఆగాను.

"అన్నా, ఇంజను సచ్చిపోనాది. గాలి రాళ్ళమీదకి తోసేస్తాంది. ఇంటన్నావా?"

వాళ్ళన్న అప్పటికే రేవు చేరి రేడియో ఆపేశాడు. ఆ కేక విన్నది మేమిద్దరమే.

పోలన్న నన్ను చేతిలోకి తీసుకున్నాడు. జవాబిస్తే ఇన్నాళ్ళ దొంగచెవి బయటపడుతుంది. రేవులో తలెత్తుకోలేడు. దానయ్యకు తోడబుట్టిన పైడితల్లి, అంటే పోలన్న పెళ్ళాం, ఇంట్లో ముద్ద పెట్టదు. అడక్కుండా వెతుకుదామంటే సముద్రమేమన్నా వీధా? బొటనవేలు నా మీట మీద పెట్టాడు.

నొక్కాడు.

"ఒరే దానయ్యా, నానురా, పోలన్నని. ఎక్కడున్నావు?"



"బావా... మా సానల్లో నువ్వెలాగున్నావు?"

"ఎప్పట్నుంచో ఉన్నాన్రా. తిట్లు తరవాత. ముందు సోటు సెప్పు."

"నల్లరాళ్ళకి తూరుపున."

ఏడు తాటిచెట్ల ఎత్తు అలలు. సరే, మూడు. రాళ్ళకు ఇంకా గోచీపేలికంత దూరముందనగా తాడు విసిరాం. రేవు దాకా లాక్కొస్తున్నంత సేపూ దానయ్య తన రేడియోలో తిడుతూనే ఉన్నాడు.

"ఆదివారం కోనెం చేపలూ నావేనా, దొంగసచ్చినోడా?"

"నీవేరా."

"మొన్న కవళ్ళు?"

"అవీ నీవే. తాడు గట్టిగా పట్టు."

మర్నాటికి రేవంతా తెలిసిపోయింది. పైడితల్లి రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు నన్ను లాక్కుని ఐసు షెడ్డు కిటికీలో పెట్టుకుంది. ఎవరైనా ఆపదలో కేకేస్తే వినబడాలని ఇప్పుడు అన్ని చానళ్ళూ ఆమె వింటుంది. అందుకని తమవాళ్ళతో కూడా చేపల చోటు అబద్ధమే చెప్పుకుంటున్నారు, పిచ్చి మనుషులు. నాకు అందని చానల్‌కు మారిపోవడానికి అర నిమిషం చాలు. ఇన్నేళ్ళలో ఒక్కరూ మార్చుకోలేదు.