పడమరకు తిరిగిన మంచం

నేను ఒక ఇనుప మంచాన్ని. విజయవాడ ఆటోనగర్‌లో, రేకుల షెడ్డులో పుట్టాను. కాళ్లకు చక్రాలు, పక్కన ఓ పిడి. పిడి తిప్పితే తల వైపు లేస్తాను. ఓ ఆసుపత్రిలో పదేళ్లు ఊడిగం చేశాక, కిర్రుమంటున్నానని వదిలించుకున్నారు. మనుషులు జీవితమంతా మూలగొచ్చు గానీ మంచం కిర్రుమనకూడదట! పోనీలెండి, ఆ గెంటివేతే నా అదృష్టం. కడపలో సిస్టర్ ఫిలోమినా నడిపే ఆశ్రమానికి చేరాను. ఇక నయం కాని ముసలివాళ్లకు చివరిదాకా సేవ చేసే చోటు అది.

అక్కడే దర్జీ దస్తగిరి సాహెబ్ నా మీదికి వచ్చాడు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. గొంతులో గొట్టం వేసి ఊపిరాడించే మిషన్ పెడతామని ఆసుపత్రివాళ్లంటే ఆయన ససేమిరా అన్నాడు. కూతురు నసీమా సరేనని ఇక్కడికి తెచ్చింది. తెచ్చిందన్న మాటే గానీ, ఆమె ప్రాణం కుదుటపడలేదు.

"గొట్టం వద్దంటి సిస్టర్. అబ్బాను నేనే సంపుతాండానేమో! రేపు దేవుడడిగితే ఏం జెప్పాల?"

సిస్టర్ మసీదులో నమాజు చదివించే హజ్రత్‌ను పిలిపించింది. "నయం గాదని తెలిసినాక మిషన్ పెట్టించాల్సిన పన్ల్యా బేటీ. నొప్పి తగ్గించేది, నోరు తడిపేది, పక్కనుండేది, ఇవి మాత్రం ఇడవగూడదు" అన్నాడాయన. తమ ఫాదర్ గారూ ఇదే చెబుతారంది సిస్టర్. పక్కగుడ్డ సర్దుతున్న ఆయా ఓబులమ్మ ఊరుకుంటుందా? "పండు దానంతటదే రాలాల. తెంపగూడదు, రాలకుండా కొమ్మకు కట్టేయగూడదు."

ఇంతమంది చెప్పినా నసీమా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం సాహెబ్‌కు ఆయాసం ఎక్కువైంది. "కిబ్లా" అన్నాడు. నమాజుకు తిరిగే దిక్కు, మనకు పడమర. ఓబులమ్మ గబగబా నన్ను తిప్పి, ఆయన తలను పడమరకు పెట్టింది. పాపం, సాహెబ్ చూపు తూర్పు గోడకు తగిలింది. కాదు కాదని తల ఊపాడు.

"ముఖం పోవాల పెద్దమ్మా ఆ దిక్కు, తల గాదు" అంది నసీమా.

"అయ్యో! దేవుని దిక్కు కాళ్లు పెడతారా యాడన్నా?"

నసీమా ఏడుపులోనే నవ్వేసింది. ఇద్దరూ కలిసి నన్ను మళ్లీ తిప్పారు. ఓబులమ్మ లెంపలేసుకుని మరీ పిడి తిప్పింది. సాహెబ్ తల లేచి ముఖం సరిగ్గా పడమరకు నిలిచింది. కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"బేటీ, నువ్వు గొట్టం పెట్టించల్యా గాబట్టే నాకు నోరుంది. పోయేటప్పటి కలిమా నేనే జదువుకుంటా. అల్లా నిన్ను సల్లగా జూడాల."

సాయంత్రం నమాజుకు పిలిచే అసర్ అజాన్ వినబడే వేళకు, అల్లా ఒక్కడేనన్న ఆ కలిమా తన నోటితోనే చదువుకుని వెళ్లిపోయాడు. నసీమా నా అంచు పట్టుకుని బాగా ఏడ్చింది. కానీ తానే చంపానన్న మాట మళ్లీ ఆమె నోట రాలేదు. ఎందరినో మోశాను గానీ, నన్ను మోయనిచ్చినందుకు సాహెబ్ మీద కలిగినంత కృతజ్ఞత నాకు ఇంకెవరి మీదా కలగలేదు.