ఇంట్లో ఎవరూ లేని వేళ

పొద్దున ఎనిమిదయ్యేసరికి బెర్నదేత రెండో జత మేజోళ్లు తొడుక్కుంటుంది. పదింటికి స్వెటర్ మీద ఇంకో స్వెటర్. మే నెలలో చర్చిలో మొదటిసారి ప్రసాదం తీసుకునే పిల్లలకి తెల్ల గౌన్లు కుట్టాలి, ఇంకా పదకొండున్నాయి. వేళ్లు కొయ్యబారి సూదిలోకి దారం ఎక్కదు. టీ కప్పును అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు కూర్చుంటుంది, మళ్లీ కుడుతుంది.

చలి తన ఒంట్లోనే ఉందని మూడు శీతాకాలాలుగా నమ్మింది. నమ్మించారంటే సరిగ్గా ఉంటుంది. "ఇల్లు వెచ్చగానే ఉంది కదే. యాభై దాటాయి, రక్తం పలచబడుంటుంది" అని అత్తగారు ఎల్ఫ్రీదా ఆదివారం భోజనానికి వచ్చినప్పుడల్లా అనేది. నిజమే, ఆదివారం ఇల్లు వెచ్చగానే ఉండేది. సాయంత్రాలూ వెచ్చగానే ఉండేది. మొగుడు ఎర్విన్ గని నుంచి వచ్చి చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతుంటే, పగలంతా వణికానని చెప్పడానికి ఆమెకే నామోషీగా ఉండేది. డాక్టరు దగ్గరికి వెళ్లింది. థైరాయిడ్ పరీక్షలన్నీ బాగున్నాయంటే దొంగతనం బయటపడినట్టు తలొంచుకుని వచ్చి, ఐరన్ మాత్రలు కొనుక్కుంది.

అంతకుముందు ఇరవై నాలుగేళ్లు ఆ ఇంటికి వేడి తెచ్చింది ఆమే. గని వాళ్లిచ్చే బొగ్గును నేలమాళిగ నుంచి బకెట్లతో మోసి, ఎర్విన్ షిఫ్టుకి లేచేలోపు పొయ్యి రాజేసి, బూడిద ఎత్తేది. పొయ్యి తీసేసి, కరెంటుతో ఇల్లంతా వేడిచేసే హీట్ పంప్ పెట్టించిన రోజు ఆనందంతో ఏడ్చింది. "ఇంకేం, మహారాణివి" అన్నాడు ఎర్విన్. దాని తాళాలన్నీ అతని ఫోన్లోకి వెళ్లిపోయాయి. "నీకర్థం కాదులే, చాలా మీటలుంటాయి." మసిగా ఉన్నన్నాళ్లూ వేడి ఆడదాని పని, మీట నొక్కితే వచ్చేసరికి మగవాడి తెలివి.

ఈసారి కరెంటు బిల్లు చూసి ఎర్విన్ ముఖం నల్లబడింది. "రోజంతా ఇంట్లో ఉండేది నువ్వు. ఇస్త్రీపెట్టె నీదే, కెటిల్ నీదే, కుట్టుమిషను నీదే. ఇంకెవరు కాల్చినట్టు?" ఆమె మూడు టీలను ఒకటి చేసుకుంది. అయినా అనుమానం తీరక అతను మెకానిక్‌ని పిలిపించాడు. "నేనంతా ఫోన్లో చెప్పాను. నువ్వు కాఫీ ఇవ్వు, చాలు."

మెకానిక్ వితోల్ద్‌కి అరవై దగ్గరపడ్డాయి. వెనక గదిలో గోడకున్న పంపు డబ్బా తెరిచి, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"అమ్మా, మీరివాళ సెలవు పెట్టారా?"

"లేదండీ, నేను ఇంట్లోనే కుడతాను."

"ఎప్పట్నించి?"

"పెళ్లయినప్పట్నించి."

ఆయన కాస్త ఇబ్బందిగా పక్కకి జరిగి తెర చూపించాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున ఆరు నుంచి మూడు వరకు: ఇంట్లో ఎవరూ లేరు. పదిహేను డిగ్రీలు.

బెర్నదేత రెండుసార్లు చదివింది.

"మా ఆయన పెట్టాడా?"

"సారు ఫోన్లోంచే, పంపు పెట్టించిన మొదటి వారంలోనే. ఈ గనుల ఊళ్లలో అందరిదీ ఇదే అలవాటమ్మా. బయటికెళ్తూ పొయ్యి ఆర్పేసినట్టు దీన్నీ దించేస్తారు. ఇది బొగ్గు కాదు. రోజంతా ఒకే వేడిలో మెల్లగా నడిస్తేనే చవక. చల్లారిపోయిన ఇంటిని గంటలో వేడి చెయ్యమంటే పంపు సరిపోక లోపల ఇస్త్రీపెట్టెలా కాలే కరెంటు కాయిల్ ఆన్ అవుతుంది. మీ బిల్లు మింగుతున్నది అదే. ఆదా చెయ్యబోయి అసలుకే ఎసరు పెట్టుకున్నారు."

ఆయన బిల్లు గురించి ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆమెకి వినిపించలేదు. బిల్లు వచ్చినప్పుడు 'రోజంతా ఇంట్లో ఉండేది నువ్వు' అన్న నోరు, పంపుకి మాత్రం ఇంట్లో ఎవరూ లేరని చెప్పింది. ఒకే నోరు. ఐరన్ మాత్రల సీసా వంటింటి అరలో ఉంది, రోజూ నీళ్ల గ్లాసు ఇచ్చి గుర్తుచేసేది కూడా అతనే. మరచిపోయాడా? దాచాడా? రెండిట్లో ఏది నిజమైతే తనకి తక్కువ నొప్పి? తేలలేదు. కోపం వస్తుందనుకుంది, రాలేదు.

"ఇరవై పెట్టండి. పగలూ రాత్రీ" అంది చివరికి.

"పెడతాను. కానీ సారు ఫోన్లోంచి మళ్లీ దించేస్తే మొదటికొస్తుంది."

"అయితే ఆ ఫోన్ని తీసెయ్యండి."

"దానికి ఇంటి యజమాని సంతకం కావాలమ్మా."

"ఇంటి కాగితాల్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పెన్నివ్వండి" అంది.

మూడున్నరకి ఎర్విన్ వచ్చేసరికి ఇల్లు అప్పటికే వెచ్చబడుతోంది. బల్ల మీద రోజూ ఉండే వేడి సూప్ లేదు. బెర్నదేత ఒక్క స్వెటర్‌తో కిటికీ దగ్గర కూర్చుని గౌను అంచు కుడుతోంది. అతను ఫోన్ తీసి ఒకసారి నొక్కాడు, ఇంకోసారి నొక్కాడు.

"ఇది తెరుచుకోవట్లేదేంటి? ఆ పంపుని ఏం చేశావ్?"

ఆమె దారం కొరికి, ముడి వేసింది.

"ఇంట్లో మనిషుందని చెప్పాను. దానికి ఒక్కసారికే అర్థమైంది."