తువ్వాలు కింద బేరం

స్వరాజ్యం వచ్చాక అది రెండో ఎండాకాలం. బియ్యం లేవు, కిరసనాయిలు లేదు, కట్టుకోవడానికి గుడ్డ లేదు. కొరత లేనివి ఉపన్యాసాలొక్కటే. పేపరు తిరగేస్తే చాలు, పార్టీలన్నీ పంతాలు పక్కనపెట్టి ఒక్క మాట మీద నిలబడాలని, లేకపోతే దేశం గట్టెక్కదని పెద్దలంతా రాసేవారు. నిలబడదాం, నాకేం అభ్యంతరం లేదు. కానీ ముందు మా నూజివీడులో ఒక్క లారీ గింజలు ఎక్కడ దింపాలో తేలాలి కదా. దాని మీదే ఊరు రెండుగా చీలిపోయింది.

నా పేరు రాఘవయ్య. మామిడికాయల దళారీని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ సుభద్ర అంటుంది. ఆ రోజుల్లో మా ఊరి పెద్దమనుషుల్ని చూస్తే శాంతమూర్తికైనా కోపం వచ్చేది.

ఒక పక్క సత్యనారాయణమూర్తిగారు. బజారులో పెద్ద కిరాణా వ్యాపారి, ఖద్దరు మనిషి, ఊరి కాంగ్రెసు కమిటీకి అధ్యక్షుడు. గింజలు బజారులోనే దింపాలి, సరుకు పంచే పద్ధతి తెలిసినవాళ్ళం మేమే అంటారు. ఇంకో పక్క పెద్దిరాజు. చెట్లెక్కి కాయలు దించే ముఠాకి మేస్త్రి, కూలి సంఘానికి నాయకుడు. గింజలు కూలిపేటలోనే దింపాలి, కిందటేడు బజారులో మాకు కొలిచినవి నూకలో రాళ్ళో ఇప్పటికీ తెలియలేదు అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అదే వచ్చిన చిక్కు.

బెజవాడ నుంచి రేషను ఆఫీసరు వచ్చాడు. పాపం, అతన్ని అనడానికి లేదు. దేశం మొత్తానికి ఉన్నవే నాలుగు గింజలు, అందులోంచి ఊరూరికీ పంచాలి. లారీ హనుమాన్ జంక్షన్‌లో ఆగి ఉందని, సాయంత్రంలోగా రెండు పక్షాలూ కలిసి ఒకే మాట చెబితే ఇటు వస్తుందని, లేకపోతే ఇంకో ఊరికి పోతుందని చెప్పాడు.

అప్పటికి చాట్రాయి వైపు తోటల్లో రసాలు దిగడానికి సిద్ధంగా ఉన్నాయి. దించేవాళ్ళ ఇళ్ళలో మాత్రం పొయ్యి వెలగడం లేదు. మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడి ఉడకబెట్టి, జావ కాచుకుని తాగుతున్నారు. మా కాయల షెడ్డులో గంపలు కట్టే లక్ష్మి, ఈ పెద్దిరాజు భార్యే, ఆ పొద్దున పని చేస్తూ చేస్తూ తలెత్తకుండానే అంది.

"ఈ పూట గింజలు రాకపోతే రేపు మేమంతా కృష్ణ దాటి వెళ్ళిపోతామండి. పిల్లలకి ఆ జావ పడట్లేదు."

నాకు కోపం రాలేదు, భయం వేసింది. వాళ్ళు వెళితే కాయ చెట్టు మీదే పండి రాలిపోతుంది. అది నా నష్టం, ఎలాగో ఓర్చుకుంటాను. కానీ చిన్నప్పటి నుంచీ చూస్తున్న మనుషులు మూటలు నెత్తిన పెట్టుకుని పోతుంటే చూడటం నావల్ల కాదు.

మధ్యాహ్నం మా షెడ్డులోనే మీటింగు పెట్టారు. ఒక పక్క బజారు జనం, ఒక పక్క పేట జనం, మధ్యలో వరిగడ్డి మీద కాయలు. మూర్తిగారు లేచి ఏదో అన్నారు, ఆయన జనం చప్పట్లు కొట్టారు. పెద్దిరాజు లేచి ఏదో అన్నాడు, వాడి జనం కేకలు పెట్టారు. "నువ్వు కూర్చోరా, నీకేం తెలుసు" అన్నారు మూర్తిగారు. దాంతో ఇంకో గంట గడిచింది. ఆఫీసరు గడియారం చూసుకుని టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

నాకు అప్పుడు తెలిసింది, ఇక్కడ అడ్డం పడుతున్నది గింజలు కాదని. అంతమంది తమవాళ్ళ ముందు తగ్గడానికి ఇద్దరికీ మొహం చెల్లడం లేదు. ఈ జబ్బుకి మా వ్యాపారంలో మందు ఉంది. భుజం మీది తువ్వాలు తీసి విదిలించాను.

మామిడి బేరం మేము నోటితో చెయ్యం. దళారీ తన చేతి మీద తువ్వాలు కప్పుకుని ముందు ఒకరి చెయ్యి పట్టుకుంటాడు, తర్వాత ఇంకొకరి చెయ్యి. లోపల నొక్కిన వేళ్ళే మాట. బొటనవేలు నొక్కితే, కాయలు మా వాళ్ళే ఎంచాలని అర్థం. పిడికిలి బిగిస్తే బేరం లేదని. ఎవరు ముందు తగ్గారో దళారీ ఆ మనుషులు బతికున్నంతకాలం బయటపెట్టకూడదు. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు గనుక చెబుతున్నాను.

"ఒక వేలంటే బజారు. రెండంటే కూలిపేట. మూడంటే ఈ షెడ్డు, వీళ్ళదో తాళం, వాళ్ళదో తాళం" అన్నాను. మామిడి ఊరు కదా, ఎవరూ ఎదురు చెప్పలేదు.

ముందు మూర్తిగారి చెయ్యి పట్టుకున్నాను. మొహం మాత్రం గంభీరంగా పెట్టారు. తువ్వాలు కింద ఆలోచించకుండా మూడు వేళ్ళు నొక్కారు. ఇంతసేపూ అరిచిన మనిషి ఈయనేనా అనిపించింది.

పెద్దిరాజు దగ్గరికి వెళ్ళాను. పిడికిలి. నా ఒళ్ళు మండింది. అవతల వాళ్ళ పిల్లలే జీడి జావ తాగుతుంటే ఇదేం పంతం అనుకుని, నేనే వాడి మూడు వేళ్ళు విప్పదీసి గట్టిగా నొక్కాను. వాడు నా మొహంలోకి చూశాడు, తర్వాత జనంలో ఉన్న లక్ష్మి వైపు చూశాడు. చెయ్యి మెల్లగా మెత్తబడింది. మూడు వేళ్ళూ నొక్కి, ఆ తర్వాత బొటనవేలు నొక్కాడు.

షెడ్డుకి ఒప్పుకున్నాడు. కొలత మాత్రం వాళ్ళ మనిషి చేతిలో ఉండాలి.

వెనక్కి వెళ్ళి మూర్తిగారి చేతిలో ఆ బొటనవేలు నొక్కాను. ఆయన చెయ్యి చల్లబడింది. గింజలు కొలిచే కుంచం కూలివాళ్ళ చేతిలో పెట్టడమంటే ఆయనకి చిన్న సంగతి కాదు. వాళ్ళ తాతల నాటి నుంచీ బజారులో కుంచం షావుకారు చేతిలోనే ఉంది. వెనక ఆయన మనుషులు కళ్ళప్పగించి చూస్తున్నారు, కానీ తువ్వాలు కింద ఏముందో వాళ్ళకెలా తెలుస్తుంది? చాలాసేపు ఆ చెయ్యి కదల్లేదు. నేనూ వదల్లేదు. చివరికి ఆయన ఒప్పుకున్నట్టు నా బొటనవేలు నొక్కారు.

తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాను.

"ఒకటే మాట. గింజలు ఈ షెడ్డులో. రెండు తాళాలు. కుంచం లక్ష్మి చేతిలో" అన్నాను. లక్ష్మి పేట మనిషే అయినా మా షెడ్డు మనిషి కూడా, అందుకే ఆ పేరు నేనే ఎంచుకున్నాను.

ఎవరు ఒప్పుకున్నారని బజారువాళ్ళు అడిగారు, ఎవరు తగ్గారని పేటవాళ్ళు అడిగారు. మీ పెద్దనే అడగండి అన్నాను. ఇద్దరు పెద్దలూ ఎంత ధీమాగా మీసాలు దువ్వుకున్నారంటే, ఎవరి జనం వాళ్ళు తమదే గెలుపనుకుని సంబరపడ్డారు. ఆఫీసరు టోపీ పెట్టుకుని జంక్షన్‌కి మనిషిని పంపాడు. పొద్దు వాలకముందే లారీ వచ్చింది.

నూకలతో పాటు గోధుమలు కూడా వచ్చాయి. వాటిని ఎలా వండుకోవాలో ఎవరికీ తెలియదు. ఉడకబెట్టి తిన్నారు, తిరగలిలో విసిరి జావ కాచారు, కాసేపు తిట్టుకున్నారు. కృష్ణ మాత్రం ఎవరూ దాటలేదు. లక్ష్మి కుంచం మీద చెయ్యి అడ్డంగా గీసి కొలుస్తుంటే బజారువాళ్ళు కూడా సంచులు పట్టుకుని ఆ వరసలోనే నిలబడ్డారు. కొలతలో తేడా ఉందని ఒక్కరూ అనలేదు. రసాలన్నీ సకాలంలో దిగాయి.

పార్టీలు కలిసిపోయాయని చెప్పను. మీటింగుల్లో ఒకర్నొకరు తిట్టుకోవడం మామూలే. కాకపోతే తెల్లారేసరికి ఇద్దరూ మా షెడ్డు ముందుకొచ్చి ఎవరి తాళం వాళ్ళు తియ్యాల్సిందే.

ఒకరోజు పెద్దిరాజు రాలేదు. జ్వరం, పైకి లేవలేకపోతున్నాడని లక్ష్మి చెప్పింది. తాళంచెవి మొలతాడుకి కట్టుకుని పడుకున్నాడట, అడిగినా తనకివ్వలేదట. వరస పెరుగుతోంది. తాళం పగలగొడదామని మూర్తిగారి మనుషులు రాయి తెచ్చారు. ఆయన ఒక్క చూపు చూసేసరికి ఆ రాయి కింద పడేశారు. ఆయనే చెప్పులేసుకుని కూలిపేట వైపు నడిచారు. నేను వెనకాలే వెళ్ళాను.

పెద్దిరాజు పాక ముందు ఆయన చాలాసేపు నిలబడిపోయారు. ఆ మనిషిని 'ఒరేయ్' అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగరు.

"పెద్దిరాజుగారూ" అని పిలిచారు.

మళ్ళీ, ఈసారి ఇంకొంచెం గట్టిగా పిలిచారు. దుప్పటి కప్పుకుని, గుంజ పట్టుకుంటూ పెద్దిరాజు గుమ్మంలోకి వచ్చాడు. మా ఇద్దర్నీ చూసి, వెనక్కి తిరిగి ఖాళీ పాకలోకి ఒకసారి చూశాడు.

"ఎవరు కావాలండీ?" అని అడిగాడు.

"మీరేనండీ" అన్నారు మూర్తిగారు. "తాళం తియ్యాలి."