కొండ మీద విప్పిన చొక్కా

తమ్ముడి కోసం తిరిగిన మొదటి రోజుల్లో అక్క కాళ్ళు ఆమె మాట వినేవి. రానురాను ఆమే కాళ్ళ మాట వినాల్సి వచ్చింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చోమంటే కూర్చునేది, బస్టాండు బెంచీ మీద కూలబడమంటే కూలబడేది. పక్కనే మరదలు, తమ్ముడి భార్య, నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉండేది. కూర్చోమని అక్క అనేది కాదు, కూర్చుంటానని మరదలు అడిగేదీ కాదు.

తమ్ముడు నలభై దాటిన మనిషి. ఊళ్ళో పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మీసం సగం నెరిసింది. అయినా ఇంట్లో వాడి పేరు చిన్నోడే. తల్లి పోయినప్పుడు వాడికింకా ఊహ తెలియదు. అప్పటినుంచీ వాడికి అమ్మయినా నాన్నయినా అక్కే. ఆమె బస్సుల డిపోలో విడిభాగాల స్టోరు చూస్తుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "తీరిక దొరకలేదు" అనేది. తమ్ముడికి మాత్రం తీరిక చేసుకుని పెళ్ళి చేసింది. కింది వాటా వాళ్ళకిచ్చి తను మేడ మీద గదిలోకి మారింది. మారిందన్న మాటే గానీ పొద్దున లేస్తే కింది వంటింట్లోనే ఉండేది. ఏ డబ్బా ఎక్కడుండాలో, ఏ కిటికీ ఎప్పుడు మూయాలో ఆమే చెప్పేది.

ఆ ఆదివారం పొద్దున కింద గొడవైంది. మాటలు మేడ మీదికి వినబడ్డాయి గానీ అవేమిటో తెలియలేదు. తర్వాత తలుపు ధడాలున పడింది. అక్క కిటికీలోంచి చూసేసరికి తమ్ముడు స్వెట్టరు వేసుకుంటూ వీధి మలుపు తిరుగుతున్నాడు. ఫోను ఇంట్లోనే వదిలేశాడు. ఆమెకేమీ కంగారు అనిపించలేదు. మనసు బాగాలేకపోతే ఊరి చివర కొండెక్కి రావడం వాడికి చిన్నప్పటి అలవాటు. "పొద్దస్తమానం జనాన్ని పైకెక్కించేది నేను. నన్నెక్కించే నాథుడు లేడక్కా, అందుకే నా కాళ్ళ మీద నేనే ఎక్కుతాను" అని నవ్వేవాడు. భోజనం వేళకి దిగొచ్చేవాడు.

ఆరోజు మధ్యాహ్నం మబ్బు దిగింది, వాన పట్టుకుంది. వాడు రాలేదు.

మర్నాడు వదినా మరదళ్ళిద్దరూ పోలీస్ స్టేషనుకి వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు ఫొటో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తాగుతాడా?"

"లేదండీ."

"ఇంతకుముందు ఇలా ఎప్పుడైనా వెళ్ళాడా?"

"వెళ్ళేవాడు. పూటలో వచ్చేసేవాడు."

"చూడమ్మా, పిల్లలైతే ఈపాటికి ఊరంతా గాలించేవాళ్ళం. పెద్దవాడు అలిగి వెళ్తే మేమేం చేస్తాం? తిరిగిరావాలా వద్దా అన్నది అతని ఇష్టం."

"పెద్దవాడు కాదండీ, చిన్నోడు" అంది అక్క. అన్నాక నాలిక్కరుచుకుంది. ఇన్‌స్పెక్టరు ఫొటోలోని నెరిసిన మీసం వంక చూశాడు గానీ నవ్వలేదు. నవ్వనందుకు ఆమె అతన్ని తర్వాత చాలాసార్లు మంచివాడనుకుంది.

"గొడవ దేని గురించి?" అని అతను మరదల్ని అడిగాడు.

"ఇంటి గొడవేనండీ" అంది మరదలు. అంతకు మించి నోరు మెదపలేదు.

కొండ మొత్తం వెతికారు. పోలీసులు, లిఫ్టు కంపెనీ కుర్రాళ్ళు, డిపోలో డ్యూటీ లేని డ్రైవర్లు, అందరూ వరసగా నడిచారు. మంచులో ఒకరికొకరు కనబడక పిలుచుకుంటూ నడిచారు. గొంతులు పోయాయి. బట్ట ముక్క కూడా దొరకలేదు. దాంతో వాడు కొండ మీదికి వెళ్ళనే లేదని తేలిపోయిందన్నారు.

ఇక ఊరి మీద పడ్డారు. కండక్టర్లు బస్సుల్లో ఫొటోలు అంటించారు. రోజుకొకడు ఫోను చేసేవాడు. ఫలానా ఊళ్ళో హోటల్లో బల్లలు తుడుస్తున్నాడు మీవాడే అని ఒక కండక్టరు ఒట్టేసి చెబితే ఇద్దరూ పడుతూ లేస్తూ వెళ్ళారు. వెనకనుంచి చూస్తే వాడే. అవే భుజాలు, అదే నడక. అక్క పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుంది. తిరిగి చూసినవాడు ఎవరో. జరిగింది చెబితే ఆ మనిషి, "నాకోసం ఎవరైనా ఇట్లా ఫొటో అంటించారేమో చూశారా అమ్మా?" అని అడిగాడు. చూడలేదని చెప్పడానికి నోరు రాక, "ఈసారి చూస్తాం" అని వచ్చేశారు.

గుర్తు తెలియని శవం వచ్చిందంటే చాలు, మార్చురీకి వెళ్ళేవారు. అక్కడి మనిషి దుప్పటి తొలగించి, వీళ్ళ మొహాలు చూసి మళ్ళీ కప్పేసేవాడు. మావాడు కాదు అనగానే అక్కకి ప్రాణం లేచొచ్చేది. అంతలోనే, ఇతను కూడా ఎవరి చిన్నోడో కదా అనిపించి సిగ్గేసేది. కొన్నాళ్ళకి ప్రాణం లేచిరావడమూ మానేసింది, సిగ్గూ మానేసింది. ఇంటికెళ్ళి చెప్పులు విప్పుకుంటే చాలనిపించేది.

వెంట వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. ఎవరి సంసారాలు వాళ్ళవి. చివరికి ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరి మధ్యా ఆ గొడవ గోడలా నిలబడింది. మొగుడు మాయమైతే ఆ గొడవేమిటో చెప్పడానికి పెళ్ళానికి అంత కష్టమేమిటని అక్క లోపల లోపలే ఉడికింది. "నిప్పు లేనిదే పొగ రాదమ్మా" అని పక్కింటావిడ ఆజ్యం పోసింది. ఒకరోజు అక్క ఒక్కతే స్టేషనుకి వెళ్ళి, "ఆరోజు ఏదో పెద్ద గొడవే అయిందండీ. ఆమె చెప్పడం లేదు. కాస్త గట్టిగా అడగండి" అంది.

ఇన్‌స్పెక్టరు గట్టిగానే అడిగాడు. మరదల్ని పిలిపించి పూటలకి పూటలు కూర్చోబెట్టాడు. ఆమె అన్నని కూడా పిలిపించాడు. ఎవరు చెబితే పిలిపించారో మరదలికి తెలియకపోలేదు. అయినా మర్నాడు పొద్దున్నే నీళ్ళ సీసా నింపుకుని, "వెళ్దామా వదినా?" అంటూ మేడ మెట్ల దగ్గర నిలబడింది.

మూడో వారం దాటాక కొండ మీద ఫోను టవరు బాగుచెయ్యడానికి వెళ్ళినవాళ్ళకి కాలిబాటకి పక్కగా ముళ్ళపొదల్లో ఒక స్వెట్టరు కనబడింది. ఇంకాస్త దిగువన చొక్కా, బూట్లు, ప్యాంటు. ఆ వరసన వెళ్ళి చూస్తే, ఒక రాతి చట్టు కింద, మనిషి పట్టడానికి చోటే లేని సందులో, ముడుచుకుని పడుకుని ఉన్నాడు తమ్ముడు. వెతికినవాళ్ళు మంచులో ఏమీ కనబడక ఆ రాయి మీదనుంచే నడిచి వెళ్ళారు.

అంత్యక్రియలు అయ్యాయో లేదో, ఊళ్ళో తలా ఒక మాట. చంపి బట్టలూడదీశారన్నారు. తెచ్చి రాతి కింద దాచారన్నారు. లోకులు కాకులని సరిపెట్టుకుందామంటే, అక్కకీ అదే నిజమనిపించింది. ఆ చలిలో, ఆ వానలో ఒంటిమీది బట్టలు తనంతట తాను ఎవడు విప్పుకుంటాడు? ఎవడో ఒకడు చేసి ఉండాలి. చేసినవాడు దొరికితే వాడి మీద పడి ఏడవచ్చు. ఎవడూ లేకపోతే ఈ ఏడుపు ఎక్కడ పెట్టుకోవాలి?

"నీకేదైనా తెలిస్తే ఇప్పుడైనా చెప్పు" అంది మరదలితో.

"నాకు తెలిసింది మీకు పనికిరాదు వదినా" అంది మరదలు.

పోస్టుమార్టం చేసిన డాక్టరమ్మని కలవాలని అక్క పట్టుబట్టింది. ఆసుపత్రి వెనక చిన్న గది. బల్ల మీద చల్లారిపోయిన టీ. డాక్టరమ్మ కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుని కళ్ళు నలుపుకుంటోంది. మరదలు లోపలికి రాలేదు. బయట బల్ల మీద కూర్చుంది.

"మావాణ్ణి ఎవరు చంపారో చెప్పండి" అంది అక్క, కుర్చీలో కూర్చోకుండానే.

"ముందు కూర్చోండి. ఎవరూ చంపలేదమ్మా. చలి చంపింది."

"చలేస్తే ఎవరైనా బట్టలు కప్పుకుంటారు. విప్పుకుంటారా?"

"విప్పుకుంటారు. అందరూ కాదు, కొందరు. నేను ఇంతకుముందూ చూశాను." డాక్టరమ్మ కళ్ళజోడు దించి పెట్టుకుంది. "ఒళ్ళు చల్లబడుతుంటే లోపలి వేడి పోకుండా చర్మం కింది రక్తనాళాలు బిగుసుకుపోతాయి. తడిసిన బట్టలు, గాలి, రాత్రంతా. మంచు గడ్డకట్టేంత చలి అక్కర్లేదు. చివరికి ఆ బిగింపు అలిసిపోయి వదిలేస్తుంది. లోపలున్న వెచ్చటి రక్తమంతా ఒక్కసారిగా చర్మంలోకి వస్తుంది. అప్పటికి తెలివి మసకబారి ఉంటుంది. ఒళ్ళంతా మండిపోతున్నట్టుంటుంది. అందుకని విప్పేసుకుంటారు."

"మరి మోకాళ్ళ మీద, మోచేతుల మీద గాయాలో?"

"పాకాడు. అది కూడా ఆ చివర్లో వచ్చేదే. ఏదో ఒక సందులో దూరిపోవాలనిపిస్తుంది. వెతికినవాళ్ళకి కనబడకపోవడానికి కారణం అదే. ఇంకొకరి చెయ్యి పడిన గుర్తు ఎక్కడా లేదమ్మా. విషం లేదు, తాగలేదు. జారి చీలమండ బెణికింది. మంచులో, వానలో దారి తప్పి ఉంటాడు. కుంటుకుంటూ చీకటి పడేలోగా దిగలేకపోయాడు."

డాక్టరమ్మ టీకప్పు ఎత్తి, చల్లారిందని చూసి మళ్ళీ పెట్టేసింది.

"ఈ మాట చెబితే సగం మంది నమ్మరు. హంతకుడుంటేనే నయం అంటారు. మీరూ నమ్మకపోతే నేనేమీ అనుకోను."

"నమ్ముతున్నానండీ" అంది అక్క. నమ్మకపోవడానికి కూడా ఓపిక కావాలి. "కొండెక్కడమెందుకు మరి, ఆ మబ్బులో?"

"అది ఒళ్ళు కోస్తే తెలిసేది కాదు కదమ్మా."

బయటికొచ్చి అక్క మరదలి పక్కన కూర్చుంది. ఆసుపత్రి ఆయా నేల తుడుచుకుంటూ వచ్చి కాళ్ళెత్తమంది. ఇద్దరూ ఎత్తారు. తడి ఆరేదాకా అలాగే కాళ్ళు పైకి పెట్టుకుని, డాక్టరమ్మ చెప్పిందంతా అక్క తనకి వచ్చిన మాటల్లో చెప్పింది. రక్తనాళాల సంగతి సరిగ్గా చెప్పలేకపోయింది. చివరి సంగతి చెప్పగలిగింది.

"ఆఖర్న చలెయ్యలేదటే వాడికి. వెచ్చగా అనిపించిందట."

మరదలు ఇన్ని రోజుల్లో ఎవరి ముందూ ఏడవలేదు. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రోజూ పక్కలో దుప్పటి కప్పుకుంటుంటే ఆయనకి ఎంత చలేసిందో అన్న ఆలోచన తనని నిద్రపోనివ్వడం లేదంది. ఏడుపు తగ్గాక, నేల వంక చూస్తూ అడక్కుండానే చెప్పింది.

"ఆరోజు గొడవ మీ గురించే వదినా. వేరే ఇల్లు చూసుకుందామన్నాను. నా వంటింట్లో నా డబ్బాలు నేను సర్దుకోవాలనుందన్నాను. ఆయన కాదనలేదు. అక్కకి ఎట్లా చెప్పను, ఎట్లా చెప్పను అని అదే మాట. ఇంతమాత్రం చెప్పలేరా అని నేను గట్టిగా అరిచాను. ఎట్లా చెప్పాలో ఆలోచించుకొస్తానని వెళ్ళారు."

"ఇన్‌స్పెక్టరుకి చెప్పొచ్చుగా ఈ మాట? అన్ని పూటలు కూర్చోబెట్టాడే నిన్ను."

"అతనికి చెబితే మీకు చెబుతాడు. తమ్ముడు పోయిన బాధ చాలదా, ఇది కూడా ఎందుకని."

అక్క గోడకి తల ఆనించింది. కోపం తెచ్చుకుందామని చూసింది. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. తల్లి పోయిన నాటినుంచీ వాడు తన దగ్గర ఏమీ దాచలేదనుకుంది. ఇంత చిన్న మాట చెప్పడానికి కొండెక్కాల్సి వచ్చిందా?

"చెప్పేస్తే పోయేదిగా. నేనేమన్నా పులినా?"

"అదే మాట నేనూ అన్నాను వదినా" అంది మరదలు.

అక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతు దాటకముందే ఏడుపైపోయింది. మరదలి చెయ్యి వచ్చి ఆమె వీపు మీద పడింది. ఎవరో రోగి తాలూకు మనిషి ఎదురుగా నిలబడి, ఖాళీ అవుతుందేమోనని బల్ల వైపు చూస్తున్నాడు. ఇద్దరూ లేచి అతనికి చోటిచ్చారు.

ఇంటికి పోయే దారిలో అక్క స్టేషను దగ్గర ఆగింది. మరదల్ని బయట నిలబెట్టకుండా లోపలికి తీసుకెళ్ళింది. "ఈమె మీద నేను చెప్పిన మాట తప్పండీ. వాడి సంగతి డాక్టరమ్మ చెప్పింది, మాకు అర్థమైంది" అంది. ఇన్‌స్పెక్టరు తలూపాడు. మరదలి వైపు చూసి ఏదో అనబోయి, "మంచినీళ్ళు తాగుతారా?" అని మాత్రం అడిగాడు.

ఎండలు ముదిరే వేళకి అక్కే ఇల్లు చూసింది. మరదలు పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి దగ్గర్లో, రెండు గదుల వాటా. "ఇప్పుడెందుకు వదినా, ఇప్పుడు నాకు వేరే ఇల్లక్కర్లేదు" అని మరదలు ఎంత చెప్పినా వినలేదు. "వాడు చెప్పలేకపోయిన మాట నేను విన్నాను. విన్నాక వినలేదనుకోమంటే ఎలా?" అంది.

సామాను దింపించి, డిపోలో సెలవు పెట్టిన ఆ రోజంతా అక్క వంటింటి గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టలేదు. గుమ్మం బయట నిలబడి డబ్బాలు ఒక్కొక్కటే అందించింది. ఎక్కడ పెట్టాలో చెప్పబోయి రెండుసార్లు నోరు మూసుకుంది. మూడోసారి ఆగలేక, "ఉప్పు పొయ్యికి అంత దగ్గరగా..." అంది. మరదలు తిరిగి చూసింది. "సరే, నీ ఇష్టం" అంది అక్క.

మధ్యాహ్నానికి ఇద్దరికీ ఒళ్ళు హూనమైంది. మంచం ఇంకా బిగించలేదు. ముందు గదిలో అట్టపెట్టెల మధ్య చాప పరుచుకుని, చెరో పక్కకి తిరిగి పడుకున్నారు. మరదలు గోడ వైపు తిరిగి, "రేపు ఇటునుంచే డిపోకి పోదురుగానిలెండి వదినా" అంది. అప్పటికే అక్కకి నిద్ర పట్టేసింది.