గ్యాసాయనకు చెప్పిన అడ్రసు

పెళ్ళై ఈ గల్లీకి వచ్చిన మొదటి రోజే మా అత్త పెంటమ్మ నాకు ఒక మాట నేర్పింది. "ఎవలన్న యాడుంటవని అడిగితే గ్రాంట్ రోడ్ అను. కామాటిపుర అనకు."

ఎందుకని నేను అడగలేదు. నెల తిరిగేసరికి నాకే తెలిసింది. రాళ్ళు మోసి, గోడలు కట్టి బతికిన మా కామాటోళ్ళ పేరే ఈ పేటకు వచ్చింది గానీ, పక్క గల్లీల్లో జరిగే ఒళ్ళమ్ముకునే వ్యాపారం వల్ల ఆ పేరు చెవిన పడగానే బయటివాళ్ళ చూపు మారిపోతుంది. అందుకే ట్యాక్సీవాడికీ, ఆస్పత్రి చీటీలోనూ, నా కూతురు దర్శన బడి కాగితాల్లోనూ పక్కనున్న రైలు స్టేషన్ పేరే, గ్రాంట్ రోడ్ అనే చెప్పాను. ఇరవై మూడేళ్ళుగా నేను ఉండని చోట ఉంటున్నాను.

దర్శన కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. పోయిన ఏడాది నుంచి, వర్లి చాల్‌లో ఒక గదిలో ఉండే సీమాతో కలిసి పాడ్‌కాస్ట్ ఒకటి నడుపుతోంది. రేడియో లాంటిదే, రేడియో స్టేషన్ మాత్రం ఉండదు. ఏడున్నరకు టీవీలో వచ్చే తెలుగు సీరియల్ మీద, గురువారం గురువారం ఇద్దరూ ఫోన్‌లో ముచ్చట పెడతారు. అది ఎవరి ఫోన్‌లోనైనా వినొచ్చునట.

"సీరియల్ అందరు చూస్తనే ఉన్నరు గదనే. మళ్ళ నువ్వు చెప్పేదేంది?" అన్నాను.

"ఫ్యాన్లం అమ్మా మేము. చూసినంక దాని మీద కొట్లాడనీకి మనుషులు గావాలె."

బయటి చప్పుడు వినబడకుండా అటక మీద గొంగడి కప్పుకుని మాట్లాడుతుంది. ఆ గొంగడిలో ఊపిరాడక పోతుందేమోనని నేను పది నిమిషాలకోసారి నిచ్చెన మీద తట్టి, "ఉన్నవా?" అంటాను. "బతికే ఉన్న," అంటుంది లోపలి నుంచి. అదీ రికార్డులో పడుతుందని నాకు చాలా రోజుల దాకా తెలియదు.

అన్నం తినేటప్పుడు విన్నవాళ్ళు పంపిన మాటలు చదివి వినిపించేది. సూరత్‌లో ఒక కోడలు రొట్టెలు చేస్తూ వింటుందట. సీరియల్‌లోని అత్తను దర్శన వెనకేసుకొచ్చిందని కోపమొచ్చి రొట్టె మాడ్చిందట. అది చదివి దర్శన ముద్ద నోట్లో పెట్టుకుని నవ్వితే, పొలమారి చస్తుందని నేను నీళ్ళ చెంబుతో పక్కనే నిలబడేదాన్ని.

నేను పెట్టిన షరతు ఒక్కటే. పేట పేరు చెప్పొద్దు. ఆడపిల్ల గొంతు, పైన ఈ పేట పేరు, విన్నవాడు ఎవడో ఏమో. తను ఒప్పుకుంది. "గ్రాంట్ రోడ్ కెల్లి దర్శన, వర్లి కెల్లి సీమా," అనే మొదలుపెట్టేది.

తప్పు నేనే చేశాను. ఒక గురువారం దర్శన అటక మీద మాట్లాడుతుండగా గ్యాస్ సిలిండర్ అతను ఫోన్ చేశాడు. కొత్తవాడు, దారి దొరకలేదట. వీధిలో హారన్లు. నేను గొంతెత్తి చెప్పాను. "కామాటిపుర, పదకొండో గల్లీ. కింద పిండి గిర్ని ఉంటది. మెట్లెక్కి రెండో మాలాకు రా, ఆఖరు ఖోలీ మాదే." లోకమంతా దాచినా గ్యాసాయనకు దాచలేం కదా, దాస్తే పొయ్యి వెలగదు.

రెండు రోజుల తర్వాత సీమా ఫోన్ చేసి పడీ పడీ నవ్వింది. "అగ దర్శనా, మీ అమ్మ ఇంటి నక్షా మొత్తం చెప్పేసింది గదా."

దర్శన ఆ ముక్క కత్తిరించింది. కానీ అప్పటికే వినాల్సినవాళ్ళు వినేశారు. ఇక బందు పెట్టమన్నాను. తను కొట్లాడలేదు. కొట్లాడితే బాగుండేది. రెండు గురువారాలు పోయాయి. దుకాణం నుంచి రావడం, తినడం, గోడ వైపు తిరిగి పడుకోవడం. ఫోన్ బోర్లా పెట్టేది. అది నేల మీద గుర్రుమంటుంటే ఇద్దరం దాన్ని చూసేవాళ్ళం. నేను అడిగిందే జరిగింది. నాకు ఏమీ అనిపించలేదు. తలుపుకు గొలుసు ఒకటి బిగించి, మెట్ల మీద అడుగుల చప్పుడు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున తలుపు తట్టారు. గొలుసు తీయకుండా సందులోంచి చూశాను. ముగ్గురు మగవాళ్ళు. ఇన్నేళ్ళూ అనుకున్నదే వచ్చి నిలబడింది. గొళ్ళెం మీద నుంచి చెయ్యి తీయలేదు.

"దర్శన ఇల్లు ఇదేనా అక్కా?"

"గాదు."

"కింద గిర్ని ఉన్నది. రెండో మాలా, ఆఖరు ఖోలీ," అని ముందున్నతను వేళ్ళు మడిచాడు.

వెనక నుంచి ఒకతను, "ఉన్నవా, ఉన్నవా అనేటి అమ్మ గొంతు గిదే శివరామన్నా," అన్నాడు.

వాళ్ళ కాలిగోళ్ళలో సిమెంటు ఉంది.

"బుగులు పడకక్కా," అన్నాడు శివరాం. "పాలమూరోళ్ళం. వర్లిల బిల్డింగు పని. మా కాడ టీవీ లేదు. ఊర్ల మా ఆడామె దినాం చూస్తది ఆ సీరియల్. ఈ పిల్లల ముచ్చట ఇని నేను ఆమెతోని కొట్లాడుత. రెండు వారాల సంది రాకపాయె. ఇప్పుడు ఫోన్ చేస్తే తిన్నవా అంటది, తిన్న అంట. ఇగ మాటనే లేదు. సీరియల్ల బియ్యం డబ్బల దాసిన ఉత్తరం అత్తకు దొరికిందా లేదా, గదొక్కటి చెప్పు, పోతం."

దర్శన నోట్లో బ్రష్షుతో మోరి దగ్గర నిలబడి ఉంది. నా వైపు చూసింది.

"దొరికింది," అన్నాను నేను. "కానీ అత్తకు చదువు రాదు. పొయ్యిల పెట్టింది."

"నేను జెప్పలే?" అన్నాడు వెనకతను.

"నీ మొఖం చెప్పినవ్. ఆమెకు చదువొస్తది, నాటకమాడుతది," అన్నాడు శివరాం. " ఆనాడు బస్సు బోర్డు సదివి ఎక్కలే?"

"బోర్డు సదవలే," అని నా నోటి నుంచి వచ్చేసింది. "కండక్టర్‌ను అడిగి ఎక్కింది."

వెనక దర్శన పేస్టు నురగతోనే ఫక్కున నవ్వింది. రెండు వారాల తర్వాత ఆ నవ్వు.

ఆ నాలుగు వేళ్ళ సందులోంచే రెండు వారాల కథా చెప్పాను. తలుపు తీయలేదు, కూర్చోమనలేదు. మెట్లు దిగుతూ శివరాం అప్పుడే ఫోన్ కలిపాడు. "ఉత్తరం కాలవెట్టింది గదనే నీ అత్త... ఏంది, ఆమె తప్పు లేదా?" ఆ గొంతు గిర్ని చప్పుడులో కలిసేదాకా వినబడుతూనే ఉంది.

సంతోషం అని చెప్పలేను. కాలు తిమ్మిరెక్కి, ఇంకా చురచుర మొదలు కాని దశ ఉంటుందే, అలా ఉంది. గొళ్ళెం మీద నుంచి చెయ్యి తీశాను.

దర్శన మూతి తుడుచుకుని, గొంగడి భుజాన వేసుకుని అటకెక్కింది. కాసేపటికి పైనుంచి అడిగింది.

"అమ్మా, ఏడికెల్లి అని చెప్పాలె?"

నేను పొయ్యి వైపు చూశాను. పాలు పొంగడానికి వచ్చాయి. మంట తగ్గించాను.

"గ్యాసాయనకు చెప్పిందే చెప్పు," అన్నాను. "గిర్ని మాత్రం చెప్పకు."