కాళ్ళు లేని మాట

"గిన్నె కడిగేటప్పుడు గిన్నే కడగాలి. మనసు ఇంకెక్కడో పెట్టుకోకూడదు," అన్నాడు భర్త, ఆమె గిన్నెలు తోముతున్న సింకులో టీ తాగిన కప్పు పెడుతూ.

జెన్ ధ్యానం క్లాసులో చేరిన దగ్గర్నుంచీ అంటున్న మాటే. ఇన్నేళ్ళ కాపురంలో అతను ఒక్క గిన్నె కడిగిన పాపాన పోలేదు. అయినా మొదటిసారి విన్నప్పుడు ఆ మాట ఆమెకు నచ్చింది. చేతులు గిన్నెల్లో ఉంటే ఆమె మనసు బడిలో పిల్లల దగ్గర ఉండేది. బడిలో పాఠం చెబుతుంటే ఇంట్లో మంచం మీదున్న అత్తయ్య దగ్గర ఉండేది. ఎక్కడున్నా సగం మనిషే.

"అమ్మాయ్!" అని అత్తయ్య పిలిచేది. "వస్తున్నా అత్తయ్యా!" అని ఈమె వంటింట్లోంచి కేకేసేది. పొయ్యి కట్టేసి, బట్టలు ఆరేసి, పిల్లల పేపర్లు నాలుగు దిద్ది, అప్పుడు వెళ్ళేది.

"నీ 'వస్తున్నా'కి కాళ్ళు లేవే. గొంతొక్కటే వస్తుంది, మనిషి రాదు," అని నవ్వేది అత్తయ్య.

"వెళ్ళిపోయేవాళ్ళు కూడా వస్తాననే కదా అంటారు అత్తయ్యా," అనేది ఈమె, టీచరు బుద్ధి పోనిచ్చుకోక. ఇద్దరూ నవ్వుకునేవారు.

అలాంటి రోజుల్లోనే ఒక రోజు బడికి సెలవు వచ్చింది. హాల్లో అతను కళ్ళు మూసుకుని కూచున్నాడు. అతను చెప్పినట్టే చేసి చూద్దామనుకుంది ఆమె. నీళ్ళ చప్పుడు, వేళ్ళ మధ్య నురగ, చేతికి తగిలే గిన్నె అంచు. నిజంగానే మనసు నిలబడింది. ఎన్నాళ్ళకో తనకంటూ కాస్త శాంతి దొరికింది.

"అమ్మాయ్, ఒకసారి వచ్చి కూచోవే."

"వస్తున్నా."

గిన్నె కడిగేటప్పుడు గిన్నే. చివరిదాన్ని కూడా బోర్లించి, చేతులు తుడుచుకుని వెళ్ళేసరికి అత్తయ్య ముఖం గుమ్మం వైపే తిరిగి ఉంది. కళ్ళలో చూపు లేదు.

"పెద్దావిడ, ఎక్కువకాలం మంచం మీద తీసుకోకుండా పోయారు. మీకూ కాస్త తెరిపి," అంది బడిలో హెడ్మిస్ట్రెస్. ఆ తెరిపి నిజం కాబట్టే ఆ మాట వినలేక క్లాసుకి వెళ్ళిపోయింది. బోర్డు దగ్గరికి పిలిచిన పిల్ల "వస్తున్నా టీచర్" అంటే చేతిలో సుద్దముక్క విరిగింది. అత్తయ్య చివరి పిలుపు సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు. ఆ రోజు భర్త ధ్యానంలో మునిగి ఉన్నాడు, అతనికి వినపడి ఉండదు పాపం, అనుకుంది. విన్నది తనొక్కతే. తప్పూ తనొక్కతిదే.

ఇప్పుడు సింకులో కప్పు పెట్టినవాడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"రేపు క్లాసులో కరుణ గురించి నన్ను మాట్లాడమన్నారు. అమ్మ సంగతి చెబుదామనుకుంటున్నా."

"ఏం చెబుతారు?"

"ఆ రోజు అమ్మ పిలిచింది కదా. ఇదివరకైతే చిరాకుపడేవాణ్ణి. ఆ పిలుపుని అలా రానిచ్చాను, పోనిచ్చాను. మనసు కొంచెం కూడా చెదరలేదు తెలుసా!"

"మీరు విన్నారా?"

"వినకేం? నువ్వున్నావుగా."

కుళాయి పారుతూనే ఉంది. అతని తప్పు తెలిసినంత మాత్రాన తన తప్పు పిసరంతైనా తగ్గలేదు. కానీ ఇన్నాళ్ళూ రెండు తప్పుల్నీ తనే తోముతోందని మాత్రం తెలిసింది.

స్పాంజి తీసి అతని చేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"గిన్నెలు. కడిగేటప్పుడు గిన్నెలే కడగండి. ఎవరైనా పిలిస్తే మాత్రం వదిలేసి వెళ్ళండి. నాకు అర్థమైంది అంతే."

"మరి నువ్వెక్కడికి?"

ఆమె చేతులు తుడుచుకోలేదు. నీళ్ళు కారుతుండగానే వెళ్ళి, పరుపు తీసేసిన మంచం అంచున కూచుంది.

"వచ్చాను అత్తయ్యా," అంది.